బొగ్గుకు చిరునామా ఉంది, బాధ్యతకు లేదా?

భూగోళం వేడెక్కడానికి మానవుడే కారణమన్న వాక్యం దేశ రాజధానిలో ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. విజ్ఞాన భవన్‌లో జరిగే సదస్సులలో అమాత్యులు ఆ మాట అంటారు. పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యులు అంటారు. విదేశీ రాయబారులు విందులలో అంటారు. ఈ విషయమై ఇక సందేహానికి తావు లేదని 2021 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని శాస్త్రజ్ఞుల సంఘం ఐ.పి.సి.సి. తన నివేదికలో నిర్ధారించిన తరువాత, ఢిల్లీలో దానిని బాహాటంగా కాదనేవారు అరుదు.

అయితే ఆ వాక్యంలో చెప్పేవారికి ఒక సౌకర్యం ఉంది. మానవుడు అంటే అందరూ. అందరూ అన్నప్పుడు ఫలానావారు అని ఎవరినీ వేలెత్తి చూపనక్కర లేదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత మన పల్లెలలో ఊరికే పుట్టలేదు. నివేదికలలో కనిపించే ఈ "మానవుడు" ఎవరో, ఎక్కడ ఉంటాడో, ఏ కాగితం మీద సంతకం చేస్తాడో తెలుసుకోదలచినవారికి ఢిల్లీ కంటె రాయపూర్ మంచి చోటని నా అభిప్రాయం. ఛత్తీస్‌గఢ్ రాజధానిలో ఇటీవల కొన్నాళ్లు గడిపిన మీదట ఆ అభిప్రాయం మరింత బలపడింది.

ముందు శాస్త్రం సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. బొగ్గు పులుసు వాయువు వేడిని పట్టి ఉంచుతుందని 19వ శతాబ్దంలోనే తెలుసు. బొగ్గు తగలబెడుతూ పోతే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్హీనియస్ 1896లోనే లెక్క కట్టాడు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు ఉన్న ఈ వాయువు, 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలు పెట్టేనాటికి 315 పాళ్లకు చేరింది. ఇప్పుడు 420 దాటింది. 1850–1900 నాటి సగటుతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూగోళం సుమారు 1.1 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది.

ఈ అదనపు వాయువు ఎక్కడిదో ఎలా తెలిసింది? బతికి ఉన్న చెట్టులోనూ జంతువులోనూ రేడియో ధార్మికత గల ఒక రకం కార్బన్ స్వల్పంగా ఉంటుంది. దాని అర్ధాయువు సుమారు 5,730 సంవత్సరాలు. కోట్ల సంవత్సరాలు భూగర్భంలో ఉన్న బొగ్గులో అది పూర్తిగా నశించి ఉంటుంది. గాలిలోని కార్బన్‌లో ఈ రకం వంతు పలచబడుతూ వచ్చిందని 1950వ దశకంలోనే గమనించారు. అంటే గాలిలో కొత్తగా చేరుతున్నది ప్రాచీన కార్బన్. దానిని తవ్వి తీసి తగలబెట్టగలిగినవాడు మానవుడొక్కడే. నేరస్థలంలో వేలిముద్ర దొరకడమంటే ఇదే.

ఇక రాయపూర్ సంగతి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రంగా అవతరించేవరకు ఇది మధ్యప్రదేశ్‌లో ఒక వర్తక కేంద్రం. వరి పండే మైదానానికి నడిబొడ్డు. ఈనాడు నగరానికి ఉత్తరాన సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడలలో స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు బారులు తీరి ఉన్నాయి. పడమట భిలాయిలో 1955 నాటి సోవియట్ ఒప్పందంతో వెలసిన ఉక్కు కర్మాగారం ఉంది. ఈశాన్యాన కోర్బాలో విద్యుత్ కేంద్రాలు, దేశంలోకెల్లా పెద్దదైన గేవ్రా బొగ్గు గని ఉన్నాయి. 2024–25లో దేశం తవ్విన బొగ్గు మొదటిసారిగా వంద కోట్ల టన్నులు దాటింది. అందులో సుమారు అయిదో వంతు ఈ ఒక్క రాష్ట్రానిదే.

రైల్వేలలోను, ఉక్కు కర్మాగారంలోను కొలువులకు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో అనేకం. అటువంటి ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి నన్ను తన మేడ మీదికి తీసుకువెళ్లి పిట్టగోడ మీద వేలితో రాసి చూపారు. వేలికి నల్లటి మసి అంటుకున్నది. "పొద్దున్నే తుడిపించానండీ. ఇది ఇవాళ పడ్డదే. మా ఊళ్లో చుట్టాలు ఫోను చేసినప్పుడల్లా కరెంటు పోవడం లేదు, బాగుంది అంటారు. ఆ కరెంటు తాలూకు మసి మాకు మిగిలిందండీ" అన్నారు ఆయన.

ఆయన మాటలో అతిశయోక్తి ఎంత ఉన్నా, అసత్యం లేదు. 2015 సెప్టెంబరులో తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థలు ఛత్తీస్‌గఢ్ నుండి వెయ్యి మెగావాట్ల విద్యుత్తు కొనుగోలుకు ఒప్పందం చేసుకున్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. జాంజ్‌గీర్–చాంపా జిల్లాలోని మార్వా కేంద్రం నుండి 2017లో సరఫరా మొదలయింది. ఆ ఒప్పందం మీద 2024లో విచారణ సంఘం నియమించడం, దాని మీద సుప్రీంకోర్టుదాకా వెళ్లడం కూడా విదితమే. ఆ రాజకీయ వాగ్వాదమంతా ధర చుట్టూ, టెండర్లు పిలవకపోవడం చుట్టూ సాగింది. మార్వా పొగ గొట్టం నుండి వెలువడినది ఎవరి ఖాతాలో వేయాలన్న ప్రశ్న ఉభయ పక్షాలలో ఏ ఒక్కరి నోటా నేను వినలేదు. 

లెక్క కష్టమైనదేమీ కాదు. 12 పాళ్ల కార్బన్ మండితే ప్రాణవాయువుతో కలిసి 44 పాళ్ల బొగ్గు పులుసు వాయువు అవుతుంది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తయారు చేయడానికి సుమారు ఒక కిలో వాయువు గాలిలో కలుస్తుంది. హైదరాబాదులో ఒక యంత్రం గదిని చల్లబరుస్తూ రాత్రంతా తిరిగి పది యూనిట్లు ఖర్చు చేస్తే, మరెక్కడో పది కిలోల వాయువు ఆకాశానికి చేరినట్టే. లెక్కల పుస్తకాలలో అది బొగ్గు కాల్చిన చోట నమోదవుతుంది. గది చల్లబడిన చోట కాదు.

ఇప్పుడు రాయపూర్‌కు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న హస్‌దేవ్ అరణ్యం వైపు చూద్దాం. సర్గుజా, కోర్బా, సూరజ్‌పూర్ జిల్లాలలో సుమారు 1,70,000 హెక్టార్లలో విస్తరించిన సాల వనమిది. ఏనుగులు తిరిగే దారి. గోండులు, ఇతర ఆదివాసులు తరతరాలుగా నివసిస్తున్న సీమ. భూగర్భ శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దంలో గోండుల దేశం పేరిటనే "గోండ్వానా" అనే మాట సృష్టించారు. హస్‌దేవ్ కింది బొగ్గుకూ, మన సింగరేణి బొగ్గుకూ ఆ పేరే. పేరు గోండులది, బొగ్గు మాత్రం వారిది కాలేదు.

ఈ అడవి కథలో బాధ్యులెవరో వెతకబోతే ఒక్క పార్టీ పేరుతో సరిపోదు. 2010 ప్రాంతంలో కేంద్ర పర్యావరణ శాఖ హస్‌దేవ్‌ను గనులు తవ్వకూడని ప్రాంతంగా గుర్తించింది. 2011లో అదే శాఖకు చెందిన అటవీ సలహా సంఘం పర్సా ఈస్ట్ – కాంతా బాసన్ గనికి అనుమతి నిరాకరించాలని సిఫారసు చేయగా, నాటి మంత్రి జైరాం రమేశ్ ఆ సిఫారసును పక్కన పెట్టి అనుమతించారు. ఆ గని దట్టమైన అడవికి అంచున ఉన్నదని ఆయన వాదన. ఆయన అప్పట్లో మన ఆంధ్రప్రదేశ్ నుండి ఎన్నికైన రాజ్యసభ సభ్యుడు కావడం గమనార్హం. 2014 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ అనుమతిని రద్దు చేసింది. మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు ఉత్తర్వుతో తవ్వకం కొనసాగింది. గని రాజస్థాన్ ప్రభుత్వ విద్యుదుత్పాదన సంస్థది, తవ్వే కాంట్రాక్టు అదానీ సంస్థది, అడవి ఛత్తీస్‌గఢ్‌ది, అనుమతి ఢిల్లీది.

2015 జూన్‌లో రాహుల్ గాంధీ మదన్‌పూర్ గ్రామం వచ్చి ఆదివాసుల పోరాటానికి అండగా నిలుస్తానన్నారు. 2018 చివర ఆయన పార్టీయే రాయపూర్‌లోను, జయపూర్‌లోను అధికారానికి వచ్చింది. 2021 అక్టోబరులో వందలాది ఆదివాసులు అడవి గ్రామాల నుండి పది రోజులు నడిచి రాయపూర్ చేరుకున్నారు. తమ గ్రామసభలు ఒప్పుకొన్నట్టు చూపించిన తీర్మానాలు బూటకమని, వాటి మీద విచారణ జరపాలని వారి ప్రధానమైన కోరిక. తాను స్వయంగా ఆదివాసి మహిళ అయిన నాటి గవర్నరు అనసూయా ఉయికేను, ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌ను కలిశారు. ఇద్దరూ సానుభూతితో విన్నారు. వారం తిరిగిందో లేదో, అక్టోబరు 21న, పక్కనే ఉన్న పర్సా గనికి కేంద్ర పర్యావరణ శాఖ రెండవ దశ అటవీ అనుమతి మంజూరు చేసింది. కేంద్రంలో ఉన్నది భారతీయ జనతా పార్టీ ప్రభుత్వం.

2022 మార్చిలో రాజస్థాన్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లోత్ స్వయంగా రాయపూర్ వచ్చారు. బొగ్గు రాకపోతే తమ రాష్ట్రం చీకటిలో మునుగుతుందని మొర పెట్టుకున్నారు. ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తుది అనుమతి ఇచ్చింది. జూలై 26న అదే రాష్ట్ర శాసనసభ హస్‌దేవ్‌లోని గనులన్నింటినీ రద్దు చేయాలని కేంద్రాన్ని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. 2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారిన కొద్ది రోజులకే, పోలీసుల పహరా మధ్య, పర్సా ఈస్ట్ గని రెండవ దశ కోసం చెట్లు నేలకూలాయి. ఏకగ్రీవ తీర్మానం శాసనసభ రికార్డులలో భద్రంగా ఉంది.

అడవి కొట్టివేతతో నష్టం రెండింతలు. నిలిచి ఉన్నప్పుడు కార్బన్‌ను పీల్చుకొని దాచే చెట్టు పోతుంది. దాని కింద కోట్ల సంవత్సరాలుగా దాగి ఉన్న కార్బన్ బయటపడుతుంది. ఏనుగుల సంగతి సరేసరి. దేశంలోని అడవి ఏనుగులలో రెండు శాతం కూడా ఈ రాష్ట్రంలో లేకపోయినా, ఏనుగుల వల్ల సంభవించే మానవ మరణాలలో పదిహేను శాతానికి పైగా ఇక్కడివేనని భారత వన్యప్రాణి సంస్థ 2021లో హెచ్చరించింది. గనులు పెరిగితే ఈ ఘర్షణ మరింత ముదురుతుందని కూడా చెప్పింది.

ఇంతకూ రాజస్థాన్ వారి మొరలో న్యాయం లేదా? ఉంది. ఎండకు కొదవ లేని ఆ రాష్ట్రంలో భడ్లా వంటి మహా సౌర విద్యుత్ క్షేత్రం ఉన్న మాట నిజమే గాని, సూర్యుడు అస్తమించిన తరువాత పల్లెలో దీపం వెలగవలసిందే, ఆస్పత్రి నడవవలసిందే. కోర్బాలో వేలాది కుటుంబాలకు బొగ్గే అన్నం పెడుతున్నది. రేపటి నుండి బొగ్గు మానండి అని చెప్పడం, అన్నం మానండి అని చెప్పినట్టే అవుతుంది. వాదం అది కాదు. లాభం ఒకచోట, నష్టం మరొకచోట పోగుపడుతున్నప్పుడు ఆ విషయం కాగితం మీద ఎందుకు కనిపించదన్నదే ప్రశ్న.

చిత్రమేమంటే, సరిగ్గా ఈ ప్రశ్ననే మన ప్రభుత్వం అంతర్జాతీయ వేదికల మీద దశాబ్దాలుగా వేస్తున్నది. న్యాయంగానే వేస్తున్నది. శిలాజ ఇంధనాల వల్ల చరిత్ర పొడుగునా గాలిలో చేరిన బొగ్గు పులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు అమెరికాది. మన దేశానిది నాలుగు శాతానికి మించదు. ఈనాటికీ సగటు అమెరికనుడు ఏడాదికి సుమారు 14 టన్నులు వెలువరిస్తుండగా సగటు భారతీయుని వంతు సుమారు రెండు టన్నులు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ తరఫున అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే ఈ అసమానతను ప్రపంచానికి ఎత్తి చూపారు. పేద రైతు వరి మడిలో పుట్టే మీథేనునూ, సంపన్న దేశపు కారు పొగనూ ఒకే గాటన కట్టడం అన్యాయమని, బతుకు తెరువు కోసం వెలువడేది వేరు, భోగం కోసం వెలువడేది వేరని వారు వాదించారు. 1992లో రియో సదస్సు నాటి ఒప్పందం "ఉమ్మడి, కాని తారతమ్యం గల బాధ్యత" అన్న సూత్రాన్ని అంగీకరించింది. 2021 నవంబరులో గ్లాస్గోలో బొగ్గును "తొలగించడం" అన్న మాటను "తగ్గించడం"గా మార్పించినప్పుడు మన మంత్రి భూపేందర్ యాదవ్ నిలబడింది ఈ సూత్రం మీదనే. 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేస్తామని ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించింది కూడా ఆ సదస్సులోనే.

గ్లాస్గోలో మనకు న్యాయమైన సూత్రం సర్గుజాలో గోండుకు న్యాయం కాకుండా ఎలా పోతుంది? ప్రపంచంలో మనది ఏ స్థానమో, దేశంలో అతనిది అదే స్థానం. వాయువు వెలువరించడంలో అతని వంతు అత్యల్పం. మూల్యం చెల్లించడంలో ముందు వరుస అతనిదే. ఎవరు చేసిన కర్మ వారనుభవించాలని మన పెద్దలు చెప్పారు. ఇక్కడ చేసినవాడొకడు, అనుభవించేవాడొకడు. సంపన్న దేశాల ముందు మనం ఎత్తే వేలు సరిహద్దు దాటి లోపలికి రాగానే ముడుచుకొని పోతున్నది.

డబ్బు సంగతి చూసినా అంతే. 2010లో కేంద్రం శుద్ధ ఇంధనం పేరిట టన్ను బొగ్గుకు 50 రూపాయల సుంకం విధించింది. 2016 నాటికి అది 400 రూపాయలయింది. పొగ పెట్టినవారు కొంత చెల్లించాలన్న ఆలోచన మంచిదే. అయితే 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఆ సుంకం రాష్ట్రాల పన్నుల లోటు పూడ్చే నిధిలోకి మళ్లింది. బొగ్గు తవ్విన ఊరికి గాని, బొగ్గు నుండి బయటపడే మార్గానికి గాని దానితో ముడి తెగిపోయింది. 2025 సెప్టెంబరులో ఆ సుంకాన్నే ఎత్తివేసి, బొగ్గు మీద సాధారణ పన్ను పెంచారు. పేరుకైనా మిగిలి ఉన్న ఒక్క దారమూ అలా తెగింది.

ఇది ఎక్కడో అడవుల సంగతి, మనకెందుకని తెలుగు పాఠకుడు అనుకోవడానికి వీలు లేదు. 2015 మే నెల వడగాడ్పులలో దేశం మొత్తం మీద రెండు వేలమందికి పైగా మరణిస్తే, వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవారే. ఉపాధి కూలీలు, గొర్రెల కాపరులు, వృద్ధులు, నీడ కొనుక్కోలేనివారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తరువాత అంతటి వరద అదే. ఏ ఒక్క వరదనో, ఏ ఒక్క వేసవినో చూపి ఇది ఫలానా గని పాపమని చెప్పడం శాస్త్రం కాదు. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదన్నది శాస్త్రమే. బస్తర్ మీదుగా వచ్చే ఇంద్రావతి, శబరి నదులు చివరికి మన గోదావరిలోనే కలుస్తాయి. ఛత్తీస్‌గఢ్ విద్యుత్తు మనకు తీగల మీద వస్తే, అక్కడి వాన నది మీద వస్తుంది. సరిహద్దు రాయి రెండింటినీ ఆపలేదు.

వాతావరణ మార్పు దుష్ఫలితాల నుండి రక్షణ పొందడం పౌరుని హక్కేనని సుప్రీంకోర్టు 2024 మార్చి 21న ఒక తీర్పులో పేర్కొన్నది. రాజ్యాంగంలోని 14వ, 21వ అధికరణాలలోనే ఆ హక్కు ఉన్నదని వివరించింది. హక్కు ఉన్నచోట దానికి జవాబు చెప్పవలసినవాడు ఉండాలి. ఆ జవాబుదారు ఎవరో తేలనంత కాలం హక్కు తీర్పు కాగితానికే పరిమితమవుతుంది.

ఇందుకు కొత్త సంఘాలు, కొత్త సదస్సులు అవసరం లేదు. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాన్ని నిజాయితీగా అమలు జరిపితే సగం పని అవుతుంది. మిగిలిన సగానికి పార్లమెంటు ఒక్క చిన్న నిబంధన విధించవచ్చు. గనికి గాని, బొగ్గు విద్యుత్ కేంద్రానికి గాని అనుమతి ఇచ్చే ప్రతి ఉత్తర్వులోను నాలుగు సంగతులు రాసి తీరాలి: ఈ బొగ్గు ఎవరి అవసరానికి మండుతుంది, దాని నుండి ఎన్ని టన్నుల వాయువు వెలువడుతుంది, ఆ విద్యుత్తు వాడుకునే రాష్ట్రం నష్టపోయిన ఊరికి ఏటా ఎంత చెల్లిస్తుంది, ఎవరి సలహాను కాదని ఎవరు సంతకం చేశారు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఇకముందు పొరుగు రాష్ట్రాల నుండి బొగ్గు విద్యుత్తు కొనే ప్రతి ఒప్పందంలోను ఈ నాలుగు సంగతులు తామే ముందుగా రాయవచ్చు. అందుకు ఢిల్లీ అనుమతి అక్కర లేదు. మన శాసనసభ్యులు వచ్చే సమావేశాలలో యూనిట్ ధర ఎంత అని ఎలాగూ అడుగుతారు. దానితోపాటు ఈ ప్రశ్నలు కూడా అడగమని వారిని నిలదీయవలసినవారు పాఠకులే.